దయమ్మ తెచ్చిన పెద్ద కార్డు

మా అమ్మ పేరు దయమ్మ. కాశీబుగ్గ జీడిపప్పు ఫ్యాక్టరీల్లో గ్రేడింగ్ బల్ల దగ్గర ఎవర్ని అడిగినా చెబుతారు. పప్పు ముందు పోస్తే ఆమె చెయ్యి ఆగదు. విరగని పెద్ద గుండ్లు ఒకవైపు, చిన్న గుండ్లు ఒకవైపు, బద్దలు వేరు, నూక వేరు. నోరు మాట్లాడుతూనే ఉంటుంది, చెయ్యి తన పని తాను చేసుకుపోతుంది. నాకు సంబంధాలు చూసినప్పుడూ అలాగే చేసింది. ఒకతను టీ తాగి గడప దాటాడో లేదో "బద్ద" అనేసింది. ఆ మాట మా ఆయనకు చెప్పి ఇప్పటికీ నవ్విస్తాను. ఆయన ఏ గ్రేడో మాత్రం అమ్మ చెప్పలేదు, ఆయనా అడగలేదు.

పప్పు నెంబర్ల సంగతి ముందే చెప్పాలి, లేకపోతే తర్వాత జరిగింది అర్థం కాదు. ఒక పౌను తూకానికి ఎన్ని గుండ్లు పడతాయో అదే ఆ గ్రేడు నెంబరు. గుండ్లు పెద్దవైతే నూట ఎనభైకే పౌను తూగిపోతుంది. చిన్నవైతే మూడువందల ఇరవై దాకా పడతాయి. అంటే నెంబరు ఎంత తక్కువైతే పప్పు అంత పెద్దది, అంత ఖరీదు. పలాసలో పుట్టినవాళ్ళకు ఇది ఎవరూ నేర్పక్కర్లేదు. మా ఇంట్లో "పెద్దది తే" అంటే తక్కువ నెంబరుది తెమ్మని.

ఫ్యాక్టరీలో ఇంకో పద్ధతి ఉంది. ఎవరి ట్రేలోనైనా చిన్న గుండ్లు పెద్దవాటిలో కలిసిపోతే సూపర్‌వైజరు ఆ ట్రే తెచ్చి, ఏరినామె ముందే బల్ల మీద గుమ్మరిస్తాడు. అందరూ చూస్తారు. సిగ్గుగానే ఉంటుంది. ఆమె తల వంచుకుని మళ్ళీ ఏరుతుంది, అంతటితో అయిపోతుంది. దాన్ని "ముందు పోయడం" అంటారు.

కిందటి సీజన్లో అమ్మ పక్కన కూర్చునే కాసులమ్మకు చూపు తగ్గింది. సూపర్‌వైజరు తారకేశ్వరరావు చెడ్డవాడు కాదు. వయసైన మనిషిని అందరిలో ఏం చిన్నబుచ్చుతాంలే అని ఆమె ముందు పోయడం మానేశాడు. ఆమె ట్రేలు లోపలికి పంపి వేరే ఆడవాళ్ళ చేత మళ్ళీ ఏరించాడు. తన చెయ్యి బాగానే ఉందనుకుని ఆవిడ హాయిగా ఏరుకుంటూ పోయింది. సీజను మధ్యలో ఒకరోజు పిలిచి నూక బల్ల దగ్గర కూర్చోమన్నారు. ఆరోజు మా వాకిట్లో కూర్చుని ఏడ్చింది.

"నా ముందు పోసుంటే నాను సరిసేసుకుందును గదే దయమ్మా," అంది. "నన్ను మనిషి కింద లెక్కెయ్యనేదు."

అమ్మ మర్నాడే తారకేశ్వరరావు దగ్గరికి వెళ్ళింది. "బాబూ, నా ట్రేలో తప్పుంటే నా ముందే పొయ్యాల. నా ఎనకాల ఏరించినావంటే నాను ఊరుకోను," అని చెప్పి వచ్చింది. ఆయన సరేనన్నాడు. కానీ అప్పటినుంచి అమ్మకు లోపల ఒక భయం పట్టుకుంది. కళ్ళద్దాలు మార్చినా గుండుని ముఖానికి దగ్గరగా పెట్టుకుని చూడటం నేను గమనిస్తూనే ఉన్నాను. అడిగితే కసురుకునేది. ట్రే ఎవరూ ముందు పోయని రోజు వస్తే, అది మెచ్చుకోలో, పక్కన పెట్టడమో తెలియక ఇంటికొచ్చి అన్నం కెలుకుతూ కూర్చునేది. ఆ బల్ల దగ్గర చోటు పోవడమంటే ఆమెకు ఇల్లు పోయినంత పని.

ఇక మా తమ్ముడు ఎడ్వర్డ్ సంగతి. డిగ్రీ చదివాడు. కాలేజీ రోడ్డులో ఒక గది అద్దెకు తీసుకుని మూడు కంప్యూటర్లు పెట్టాడు. పిల్లలు వచ్చి గంటకింత అని ఇచ్చి ఆటలాడుకుంటారు. అది ఉద్యోగమేమిటని చర్చిలో పెద్దలు అడిగితే అమ్మే జవాబు చెప్పేది, "మావోడు ఆడడు బాబూ, ఆడిస్తాడు," అని. కొన్నాళ్ళు బాగానే నడిచింది. ఈలోగా టెక్కలిలో ఎవరో ఏసీ పెట్టి, కొత్త కార్డులు వేసి గది తెరిచారు. మనవాడి దగ్గర కొత్త ఆటలు ఆగి ఆగి నడుస్తున్నాయని పిల్లలు అటు బస్సెక్కడం మొదలుపెట్టారు.

గ్రాఫిక్స్ కార్డు అంటే కంప్యూటరు లోపల బొమ్మలు వేసే యంత్రం. అది బలహీనమైతే పరుగెత్తే కారు కాస్తా ఎగిరి ఎగిరి పడుతుంది. ఎడ్వర్డ్ రోజుల తరబడి ఫోన్లో వీడియోలు చూసి రెండు కార్డుల దగ్గర తేలాడు. 3060 ఒకటి, 4060 ఒకటి. నేను జాకెట్లు కుడుతుంటే మిషను పక్కన కూర్చుని నా ప్రాణం తీశాడు.

"అక్కా, పాతదాన్లో మెమరీ పన్నెండు జీబీ, కొత్తదాన్లో ఎనిమిదే. కానీ ఆటలో కొత్తదే స్పీడు. పాతది అరవై బొమ్మలేసిన టైములో ఇది డెబ్బైకి పైనే ఏత్తాది. కరెంటు కూడా తక్కువ తింటాది."

"మరి ధర?"

"పెద్ద తేడా నేదు. ఆ కాస్తకీ కక్కుర్తి పడి పాతది కొంటే ఎర్రోడినే."

"అయితే కొనుక్కో. నా తల తినకు," అన్నాను. మిషను మోటారు కాలిపోయి నేను కాళ్ళతో తొక్కుతున్నాను, నన్నడిగినవాడు లేడు.

అమ్మ అప్పుడే చెప్పేసింది, తన బోనసుతో కార్డు తనే కొంటానని. డబ్బు వాడి చేతికి ఇవ్వదట. దుకాణానికి తనే వెళ్ళి, చూసి, తెచ్చి కొడుకు చేతిలో పెడుతుందట. ఆమె పట్టుదల మీకు తెలియదు. ఎడ్వర్డ్‌కు ఆమె కొనడానికి వెళ్ళేరోజు నిమ్మాడలో ఎవరిదో కంప్యూటరు బాగుచేసే పని పడింది. అక్కణ్ణుంచి ఫోన్ చేసి చెప్పాడు.

"అమ్మా, తిరుమలరావు షాపులో రెండుంటాయి. ముప్పై అరవై, నలభై అరవై. పెద్దది తేవే."

మిగతాది తిరుమలరావు తర్వాత నాకు చెప్పాడు. పెద్దదిమ్మంటే ఆయనకూ అనుమానమొచ్చి "పెద్దదంటే ఏదప్పా?" అని అడిగాడట. "నెంబరు కనబడతంది గదా, ముప్పై అరవై," అందట అమ్మ. ఆయన పెట్టె తిప్పి చూశాడు. మెమరీ కూడా అందులోనే ఎక్కువుంది. ఇంట్లో కుర్రాడు లెక్క వేసుకునే పంపి ఉంటాడనుకుని బిల్లు రాశాడు. అప్పుడు అమ్మ పెట్టె విప్పబోయింది.

"సీలు తీత్తే మళ్ళీ తీసుకోనప్పా," అన్నాడాయన.

"సీలు సూసి డబ్బా ఎత్తుకెళ్ళిన గ్రేడర్ని ఎక్కడైనా సూసినావేటి నువ్వు?" అంది అమ్మ.

విప్పింది, రెండు వైపులా తిప్పింది, వేళ్ళతో తడిమింది, మళ్ళీ పెట్టెలో పెట్టింది. నేను తర్వాత వెళ్ళి తిరుమలరావు మీద విరుచుకుపడితే ఆయన ఒకటే మాటన్నాడు. "మీ అమ్మతో వాదించడం నా వల్ల అవుద్దా జాయమ్మా?"

సాయంత్రం ఎడ్వర్డ్ వచ్చేసరికి పెట్టె బల్ల మీద ఉంది. అమ్మ కొత్త చీర కట్టుకుని పక్కనే నిలబడింది. వాడు నెంబరు చూశాడు, చిరిగిన సీలు చూశాడు.

"ఇదేనమ్మా. పెద్దది ఇదే," అన్నాడు.

అమ్మ వాడి తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసింది. నేను వాణ్ణి సందులోకి ఈడ్చుకెళ్ళాను.

"తెచ్చింది తప్పని సెప్పెయ్యొచ్చు గదరా."

"ఎలా సెప్పమంటావక్కా? ఆ మొహం సూసినావా? ఊరుకో."

"రేపు ఇంకెవరి దగ్గరో తెలిస్తే?"

"ఎవులు సెప్తారు? ఆడే పిల్లలకి, నాకు, నీకు తప్ప ఎవులికి తెలుసు?"

ఆడే పిల్లలకు తెలిస్తే ఊరందరికీ తెలిసినట్టేనని వీడికెందుకు తోచదో నాకు అర్థం కాదు. అయినా వాడు కన్నీళ్ళ దాకా వచ్చాడు, నేనూ మెత్తబడ్డాను. కార్డు ఒక కంప్యూటర్లో బిగించాడు. పాతవాటికంటే బాగానే నడిచింది. కొత్త కార్డని గంటకు కాస్త ఎక్కువ తీసుకోవడం మొదలుపెట్టాడు. అమ్మ ఫ్యాక్టరీలో అందరికీ చెప్పుకుంది, కార్డు తనే ఏరి తెచ్చానని.

ఒక శనివారం మధ్యాహ్నం అమ్మ క్యారేజీ పట్టుకుని ఆ గదికి వెళ్ళింది, వెనకే నేనూ వెళ్ళాను. పూండి నుంచి వచ్చే పృథ్వీ అనే ఇంజనీరింగ్ కుర్రాడు అమ్మ కార్డున్న కంప్యూటరు ముందు కూర్చుని ఆడుతున్నాడు. తెర మీంచి కళ్ళు తీయకుండానే అడిగాడు.

"అన్నా, 4060 ఎప్పుడు తెస్తావు? 3060కి ఈ రేటేటి? టెక్కలోడు ఇదే రేటుకి 4060 ఇస్తన్నాడు."

ఎడ్వర్డ్ వాణ్ణి నోరు మూసుకోమని సైగ చేశాడు. వాడు చూడలేదు. అమ్మ క్యారేజీ బల్ల మీద పెట్టింది.

"బాబూ, దీనికన్నా అది పెద్దదా?"

"అవునాంటీ. నెంబరు పెరిగితే కార్డు పెద్దది."

"పెరిగితేనా?"

"ఎక్కడైనా అంతే గదాంటీ."

అమ్మ పృథ్వీకి కూడా ఇంత అన్నం పెట్టించి, ఖాళీ గిన్నెలు సర్దుకుని ఇంటికి నడిచింది. దారంతా మాట్లాడలేదు. మాట్లాడని మా అమ్మ పక్కన నడవడం ఎంత కష్టమో నాకు ఆరోజే తెలిసింది. ఇంటికొచ్చి అరుగు మీద కూర్చుంది. వెనకే గది మూసేసి ఎడ్వర్డ్ పరుగెత్తుకొచ్చాడు.

"నా ముందు పొయ్యనేదేటిరా?" అంది.

వాడికి వెంటనే అర్థం కాలేదు. "ఏటమ్మా?"

"కాసులమ్మకి సేసినట్టు సేసినావు. నా తప్పు నా ముందు పొయ్యకండా నా ఎనకాల ఏరుకున్నారు మీరిద్దరూ. నాను ఊరంతా సెప్పుకుంటంటే ఇన్నారు."

"నువ్వు బాధపడతావని అమ్మా..."

"తారకేశ్వర్రావూ అదే అన్నాడు కాసులమ్మతో. బాధపడతావని సెప్పనేదప్పా అని." అమ్మ గొంతు పెరగలేదు. "నా పని అయిపోనాదని అక్కడోళ్ళు అనుకుంటారేమోనని భయపడ్డాను. ఇంట్లో ముందు మీరే అనుకున్నారు."

నాకు ఏడుపు వచ్చింది. నేను వాడితో అప్పుడే చెప్పాననే మాట నోటి దాకా వచ్చింది, కానీ నేను కూడా కలిసే ఉన్నానుగా, మింగేశాను.

"రేపు చర్చి అయ్యాక గదికి రా అమ్మా," అన్నాడు ఎడ్వర్డ్. "రెండూ నీ ముందు పోత్తాను."

ఆ మాటకు అమ్మ తలెత్తి వాడిని చూసింది. లేచి లోపలికి వెళ్ళి స్టవ్ వెలిగించింది.

పృథ్వీకి ఇంటి దగ్గర సొంత కంప్యూటరు ఉంది, 4060తో; ఇంట్లో ఆడితే నాన్న ఊరుకోడని ఇక్కడికొస్తాడు. వాడి తప్పేమీ లేకపోయినా పాపం ఏదో చేసినవాడిలా ఆదివారం దాన్ని ఆటోలో పూండి నుంచి మోసుకొచ్చాడు. ఎడ్వర్డ్ రెండు కంప్యూటర్లనూ గుడ్డ కింద దాచి, రెండు తెరలు పక్కపక్కన పెట్టాడు. రెండింట్లోనూ ఒకటే ఆట, ఒకటే కారు, ఒకటే రోడ్డు. ముందే చెప్పాడు.

"మెమరీలో నువ్వు తెచ్చిందే పెద్దదమ్మా, అది అబద్ధం కాదు. కానీ ఆట నడిచేకాడ రెండోది మెరుగు. బొమ్మలు ఎక్కువేత్తాది, అందుకని కారు నున్నగా పోతాది. మనకి కావాల్సింది అదే. నాను పెద్దది తేమన్నాను, పెద్దదంటే మనింట్లో ఏటో మర్సిపోయి."

"అది నీ తప్పు. సీలు సింపింది నా తప్పు," అంది అమ్మ. "మరి తక్కువ సరుక్కి పెద్ద సరుకు రేటెందుకు తీసుకుంటన్నావు? రేపట్నుంచి తగ్గించు."

"తగ్గిత్తాను."

పృథ్వీ దీనికి చాలా సంతోషించాడు. ఎడ్వర్డ్ రెండు ఆటలూ మొదలుపెట్టాడు. రెండు ఎర్ర కార్లు రెండు తెరల మీద కొండ దారి పట్టాయి. నాకైతే ఎడమవైపుది మలుపుల్లో కాస్త తడబడుతున్నట్టు కనిపించింది. అమ్మ కుర్చీ ముందుకు లాక్కుంది. ఇంకా ముందుకు లాక్కుంది. ముఖం తెరకు ఆనేంత దగ్గర పెట్టి అటూ ఇటూ చూసింది. పప్పు ఏరే చెయ్యి ఒళ్ళో ఊరికే కదులుతోంది.

"పెద్దది ఏదమ్మా?" అన్నాడు ఎడ్వర్డ్.

అమ్మ ఎడమవైపు తెర చూపించింది.

ఎడ్వర్డ్ నా వైపు చూశాడు. అవునమ్మా అంటే సరిపోయేది, ఆమెకు తెలిసే దారి లేదు, కంప్యూటర్లు గుడ్డ కింద ఉన్నాయి.

"కాదమ్మా," అన్నాడు. "తప్పు."

అమ్మ తల ఊపింది. కళ్ళద్దాలు తీసి, చీర కొంగుతో నిదానంగా తుడుచుకుంది. నన్ను చూసి, "రేపు ఫ్యాక్టరీకి సెలవు పెడతాను, కళ్ళాసుపత్రికి తీసుకెళ్ళు," అంది. అద్దాలు పెట్టుకుని మళ్ళీ తెరల వైపు తిరిగి సర్దుకు కూర్చుంది.

"మళ్ళీ పొయ్యి," అంది వాడితో.

ఎడ్వర్డ్ రెండు కార్లనూ రోడ్డు మొదటికి తెచ్చాడు.