గుండెపోటు అని చెప్పారు

గది తలుపు తెరవగానే గంధం వాసన తగిలింది. కాకినాడలోని ఈ ఆసుపత్రిలో గుండెకు ఎకో స్కాన్ తీసే పని నాది. నా గదిలో స్పిరిటు వాసనే తప్ప ఇంకో వాసన ఉండదు. బల్ల మీద కూర్చున్నామె తల మీది కొంగు జారింది, నున్నటి గుండు, దాని మీద ఆరిపోయిన గంధం. "తిరుపతి వెళ్ళొచ్చామండి, మొక్కు," అన్నాడు పక్కనున్న భర్త, నేనేమీ అడగకుండానే. అడగకుండా చెప్పే మొక్కులంటే నాకు ఒళ్ళుమంట. సుభద్ర టీచరు గారు పోయిన దగ్గర నుంచీ అంతే.

తొంభైల మొదట్లో పిఠాపురం ఆడపిల్లల బడిలో ఆవిడ మాకు సైన్సు చెప్పేవారు. క్షీరదాల పాఠం వస్తే మిగతా టీచర్లు "ఇంటి దగ్గర చదువుకోండి" అని పేజీ తిప్పేసేవారు. ఈవిడ తిప్పలేదు. బోర్డు మీద పెద్ద అక్షరాలతో 'రొమ్ము' అని రాశారు. మేము తలలు వంచుకుని కిసకిసలాడుతుంటే చాక్‌పీసు పట్టుకుని అలాగే నిలబడ్డారు. "ముక్కు అన్నప్పుడు రాని నవ్వు దీనికెందుకొచ్చిందే? పేరు చెప్పడానికే సిగ్గుపడితే, రేపు నొప్పి వస్తే డాక్టరుకి ఏమని చెబుతారు?" అన్నారు. తర్వాత ఒక్కొక్కరినీ లేపి ఆ మాట అనిపించారు. ఇంటరయ్యాక ఏం చెయ్యాలో తెలియక నేను ఇంట్లో కూర్చుంటే, మా నాన్నను ఒప్పించి ఈ టెక్నీషియను చదువులో చేర్పించింది కూడా ఆవిడే. "దీని చెయ్యి నిలకడైందండీ, పనికొస్తుంది," అన్నారట. నేను తింటున్న అన్నం ఆ మాట పెట్టినదే.

కొన్నేళ్ళకు ఆవిడకే రొమ్ము కేన్సరు వచ్చింది. విశాఖపట్నంలో ఆపరేషన్ చేసి, సెలైన్‌లో కేన్సరుకిచ్చే ఎర్ర మందు ఎక్కించడం మొదలుపెట్టారు. ఆ మందు గుండెను దెబ్బతీయవచ్చనీ, ఎక్కించే ప్రతిసారీ ముందుగా ఎకో తీయించుకు రమ్మనీ అక్కడి డాక్టరు గట్టిగానే చెప్పారు. కానీ ఇంట్లో పెళ్ళికెదిగిన కూతురుంది. తల్లికి కేన్సరని తెలిస్తే వచ్చే సంబంధాలు గుమ్మంలోంచే తిరిగిపోతాయని భర్త రాఘవరావు గారి భయం. అందుకని జబ్బు 'కడుపులో గడ్డ' అయింది. జుట్టు రాలడం మొదలవగానే తిరుపతి తీసుకెళ్ళి గుండు చేయించారు. వీధిలో ఆడవాళ్ళు లడ్డూ ప్రసాదం కళ్ళకద్దుకుని, ఆ గుండుకు దణ్ణం పెట్టి వెళ్ళారు. రొమ్ము అని ఊరంతటికీ నేర్పిన మనిషి, గంధం పూసుకుని మౌనంగా కూర్చున్నారు.

గుండె డాక్టరు కాకినాడలో ఉన్నాడు, కాని కూతురికి మాట్లాడుతున్న సంబంధం వాళ్ళకు బంధువు. ఆయన దగ్గర రాఘవరావు గారు ఎర్ర మందు ఊసెత్తకుండా "ఊరికే ఓసారి చూడండి" అన్నారు. ఆ డాక్టరు ఎకో జోలికి పోకుండా ఈసీజీ మాత్రం తీసి, "గట్టి గుండెండీ మీ ఆవిడది" అని నవ్వి పంపించాడు. విశాఖలో మాత్రం "హార్టు డాక్టరు గారు బాగుందన్నారు, రిపోర్టు తర్వాత తెస్తాం" అన్నారు. అక్కడి రద్దీలో మళ్ళీ ఎవరూ అడగలేదు. ఇద్దరు డాక్టర్ల మధ్య ఆవిడ గుండె ఎవరికీ కాకుండా పోయింది.

నేను చూడ్డానికి వెళ్ళేసరికి, పడుకుంటే ఊపిరాడక దిళ్ళకు ఆనుకుని కూర్చున్నారు. పాదాలు వాచి ఉన్నాయి.

"ఎకో తీయించలేదా టీచరుగారూ?"

"తీయించాలంటే ఎందుకో చెప్పాలి కదే."

"చెప్పండి మరి."

"బోర్డు మీద రాయడం తేలికే. మా ఇంట్లో బోర్డు లేదు," అన్నారు.

అరుగు మీద రాఘవరావు గారిని పట్టుకున్నాను. ఆయన గోలీసోడా తెప్పించి లోపలికి తీసుకెళ్తున్నారు. "గ్యాసమ్మా అది. నిశ్చితార్థం కానీ, తర్వాత మద్రాసైనా తీసుకెళ్తాను," అన్నారు. చెడ్డవాడు కాదు. ఆవిడ వాంతులు చేసుకుంటే తన చేతులతో ఎత్తిపోసిన మనిషి. చెడ్డవాడైతే తిట్టుకుని ఊరుకునేదాన్ని.

నిశ్చితార్థం కాకముందే టీచరు పోయారు. కేన్సరు లొంగిందని అంతకుముందే విశాఖలో చెప్పారట. "గుండెపోటు" అని రాఘవరావు గారు వచ్చినవాళ్ళందరికీ గొంతెత్తి చెప్పారు. అది మర్యాదగల చావు. "అనాయాసంగా పోయింది, పుణ్యాత్మురాలు," అన్నారు జనం. దిళ్ళకు ఆనుకుని ఊపిరి వెతుక్కున్న మనిషిని నేను చూశాను. ఆ మాట అన్నవాళ్ళను ఇప్పటికీ క్షమించలేను. ఏడాది తిరక్కుండానే అదే సంబంధంతో కూతురి పెళ్ళి చేశారు. నేను వెళ్ళలేదు.

ఇవాళ ఈ బల్ల మీదామె కుడివైపు పైట గుప్పిట్లో బిగించి పట్టుకుంది. భర్తను బయట కూర్చోమన్నాను.

"దానికేం తెలీదండి, నన్నడగండి," అన్నాడు.

"గుండె ఆవిడదండి. మీరు బయట కూర్చోండి."

తలుపు వేసి వచ్చి, "అమ్మా, రొమ్ముకి ఆపరేషన్ అయిందా? ఎర్ర మందు ఎక్కిస్తున్నారా?" అని అడిగాను. ఆమె తలుపు వైపు చూసి, తల ఊపింది.

"డాక్టరు గారికి రాసి పంపనా?"

మళ్ళీ ఊపింది. "మెల్లిగా మాట్లాడండమ్మా, ఆయనకు వినబడుద్ది."

"విననివ్వండి," అన్నాను. డాక్టరు చూసే కాగితం మీద ఆ మాట మొదటి వరుసలోనే రాశాను, పెద్ద అక్షరాలతో.