మూడో అంతస్తు చెక్కుబంది

మా మరిది కుళ్ళాయప్పకు చెక్కుబంది చెప్పనిదే ముద్ద దిగదు. దస్తావేజులు రాసి రాసి పట్టిన రోగం అది. ఇంటికైనా చేనుకైనా నాలుగు దిక్కులా ఎవరెవరున్నారో పత్రంలో రాస్తారు చూడండి, అదీ చెక్కుబంది. ఈ మహానుభావుడు కంచానికి కూడా చెబుతాడు.

"వదినా, తూర్పున సంగటి ఉండాది, పడమర ఊరిబిండి ఉండాది. దక్షిణం ఖాళీగా ఉండాదే?"

"దక్షిణాన నా చేతిలో గరిటె ఉండాది. తిని లెయ్యి!"

మా చిన్నదానికి సంబంధం చూడబోతే, పెళ్ళికొడుకును వదిలేసి ఆ ఇంటికి ఉత్తరాన ఎవరని ఆరా తీశాడు. ఆ ఉత్తరపు వాళ్ళతో వీళ్ళకు కోర్టు తగాదా ఉందట. సంబంధం తప్పింది. వారం రోజులు అతని కంచంలో పడమటి పచ్చడి పడనివ్వలేదు నేను.

ఎనభైనాలుగులో పక్కింటి రమీజాకు బెంగుళూరు ఫ్లాటు పిచ్చి పట్టింది. మొగుడు ఖాసిం సాబ్ తొమ్మిదేళ్ళు కువైట్ ఎండలో ఇటుకలు మోసి పంపిన లక్ష రూపాయలుంది. మూడో అంతస్తట. రంగుల బొమ్మ తెచ్చి చూపించినవాడి చేతిలో రెండు వేలు బయానా పెట్టేసింది. మిగతాది ఆదివారంలోగా కట్టాలట.

"రసీదు ఏదమ్మా?" అన్నాడు కుళ్ళాయప్ప.

"మంచోడన్నా. చాయ్ ఇచ్చినా తాగలేదు."

"తాగింటే గ్లాసు మీద వాని ఏలిముద్రన్నా మిగిలుండేది! ఇంక పైసా ఇయ్యద్దు. రిజిస్ట్రారు ముందర వాడు సంతకం పెట్టినాకనే డ్రాఫ్టు."

భాష వేరు, కోర్టులు వేరు, నీకెందుకప్పా అని నేనన్నా వినకుండా బెంగుళూరు బస్సెక్కాడు. అక్కడ ఆ మనిషిని పట్టుకున్నాడు.

"నాలుగు దిక్కులూ సరే. మూడో అంతస్తుకు కిందేముండాది?"

"రెండో అంతస్తు."

"చూపించు."

చూపించడానికి అక్కడ నీళ్ళు నిలిచిన గుంత ఉంది. ఆ గుంత కూడా ఇంకెవరిదో.

నాలుగో రోజు తిరిగొచ్చాడు. బ్యాంకులో డబ్బు భద్రమే గానీ, ఆ రెండు వేల గురించి మొగుడికి జాబు ఎలా రాయించాలని రమీజా ఒకటే ఏడుపు. కుళ్ళాయప్ప నోట్లు తీసి ఆమె ముందు పెట్టాడు.

"వాని మెడ మీద కూచోని వసూలు చేసినా. ఈ రసీదు మీద ఏలిముద్ర ఎయ్యి."

రమీజాకు చదువు రాదు. నేను మూడో తరగతి. ఎంత సేపు పట్టినా కూడబలుక్కొని చదవగలను. 'కుళ్ళాయప్ప తన సొంత సంపాదన నుండి ఇచ్చిన రూపాయలు రెండు వేలు ముట్టినవి' అని ఉంది. నోటితో అబద్ధం ఆడేశాడు గానీ, కాగితం మీద ఆడడానికి చెయ్యి రాలేదు పిచ్చిమనిషికి.

"ఇదేమప్పా?" అన్నాను.

"గట్టిగా సదవద్దు వదినా. కింద సాక్షి సంతకం పెట్టు."

"ఏమక్కా, ఏమని రాసినాడు?" అంది రమీజా కళ్ళు తుడుచుకుంటూ.

"ఆ దొంగనాకొడుకు దండం పెట్టి ఇచ్చినాడంట" అని చదివి, సంతకం పెట్టాను. నా చదువు మీద మా వీధిలో ఇప్పటికీ ఎవరికీ అనుమానం లేదు.