సాంబ్రాణి లేని పొగ

తోలు కంపు కొడుతుంది. చేతి తొడుగులు కుట్టేవాళ్లు సువాసనలు పట్టించడం నేర్చుకున్నది అందుకే. ఎల్జెయార్ బారల్ కూడా అందుకే నేర్చుకున్నాడు.

చిన్నతనంలోనే తండ్రి అతన్ని గ్రాస్ పట్టణంలో ఒక మేస్త్రి దగ్గర పనిలో పెట్టాడు. ఆ ఇంటి కింద, కాలువ పక్కన తోళ్లు నానేవి. పై అంతస్తులో కొవ్వు పరిచిన పళ్లేల మీద జాజిపూలు ఆ కొవ్వుకు వాసన పట్టిస్తూ వాడుతుండేవి. పొద్దుగూకే వేళ మేస్త్రి గుమ్మంలో నిలబడి, పని ముగించి వెళ్లే ప్రతివాడి చేతులూ వాసన చూసేవాడు. కింద తోలు కోసినవాడి వేళ్లు జాజి వాసన వేస్తే పైన సరుకులో చెయ్యి పెట్టినట్టే, మర్నాటినుంచి వాడికి పని లేదు. దానికి ఎవరూ నొచ్చుకునేవారు కారు. గ్రాస్‌లో నోటిమాటను నమ్మే అలవాటు లేదు.

పని నేర్చుకుని ఎల్జెయార్ మా ఊరు కాస్తెల్‌వేర్‌కు తిరిగి వచ్చాడు. కోట గుమ్మం పక్కన కొట్టు పెట్టి, మేకపిల్ల తోలుతో తొడుగులు కుట్టి, సాంబ్రాణీ లావెండరూ కలిపి వాటికి పట్టించేవాడు. పాళ్లు అతనికే తెలుసు. పెళ్లికొడుకు పెళ్లికూతురికి తొడుగులు ఇవ్వడం మా వైపు ఆచారం. చాలా ఏళ్లపాటు మా ఊరి పెళ్లికూతుళ్ల చేతులన్నీ ఒకే వాసన వేశాయి.

అతను మాట తక్కువ మనిషి. పని చేసేటప్పుడు కొట్టు తలుపు మూసుకునేవాడు. గ్రాస్‌లో అందరూ మూసుకుంటారు. మా ఊళ్లో ఎవరూ మూసుకోరు. ఊరుమ్మడి పొయ్యి దగ్గర రొట్టెలు కాల్చుకునే ఆడవాళ్లు అతని భార్య మడలెన్‌ను ఊరుకోనిచ్చేవారు కారు.

"లోపల ఏం వండుతాడే మీ ఆయన?"

"నాకేం తెలుసు? నన్నూ రానివ్వడు."

"పెళ్లాన్ని కూడా రానివ్వని పని ఏం పనమ్మా అది!"

"మీ ఆయన తాగడానికి పోయేచోటికి నిన్ను రానిస్తున్నాడా ఏం?"

అందరూ నవ్వేవారు. మడలెన్ కూడా నవ్వేది. కానీ ఇంటికి వెళ్లేటప్పుడు మూసి ఉన్న ఆ తలుపు ముందు ఒక్క క్షణం ఆగేది.

మార్సెయ్ రేవుకు ఒక ఓడ రోగాన్ని మోసుకొచ్చిన ఏడాది, ఆ మహమ్మారి కొండలెక్కి మా ఊరికీ వచ్చింది. కోట గుమ్మాలు మూశారు. మనుషులు పోయిన ఇళ్లకు సున్నంతో శిలువ గీసి తాళాలు వేశారు. ఆ ఇళ్లలో పొగ వేసి శుద్ధి చేయడానికి మనిషి కావాలి. ఊరిపెద్ద అర్నో ఎల్జెయార్‌ను పిలిపించాడు. అర్నో ముసలివాడు, ఒకప్పుడు దస్తావేజులు రాసే నోటరీగా చేసినవాడు.

"ఈ ఊళ్లో పొగ సంగతి తెలిసినవాడివి నువ్వొక్కడివే మేస్త్రీ."

"నేను తొడుగులు కుట్టుకునేవాణ్ణి అయ్యా."

"మార్సెయ్‌లో కూడా సువాసనలు చేసేవాళ్లే వేస్తున్నారట."

"వాళ్లలో ఎందరు బతికున్నారట?"

అర్నో సొరుగు తెరిచాడు. తాళాల గుత్తి బల్ల మీద పెట్టాడు. "మూసిన ఇంట్లోంచి సూది తీసుకున్నా ఉరే. ఎవరైనా సరే. ఈ మాట కూడా చెప్పాలి గనక చెబుతున్నాను."

ఎల్జెయార్ గుత్తి తీసుకున్నాడు. మైనం పూసిన అంగీ తొడుక్కుని, గంట వాయించుకుంటూ ఇల్లిల్లూ తిరిగాడు. గంట వినబడితే జనం పక్క సందులోకి తప్పుకునేవారు. గదుల్లో తాళ్లు కట్టి, ఇంట్లోని బట్టలన్నీ వాటి మీద వేసి, మూకుట్లో గంధకమూ తారూ వెలిగించి తలుపు మూసేవాడు.

మొదటి ఇంట్లోనే ఆ కంపు భరించలేకపోయాడు. బతికినవాళ్లు వచ్చి ఇందులోనే పడుకోవాలి గదా అనుకున్నాడు. రెండో ఇంటినుంచి పొగలో తన సాంబ్రాణీ తన లావెండరూ వేశాడు. కొట్లో ఉన్నదంతా అలాగే అయిపోయింది. అతన్ని వేయమని ఎవరూ అడగలేదు. వేశానని అతనూ ఎవరికీ చెప్పలేదు.

ఎండాకాలానికి రోగం తగ్గింది. ఎల్జెయార్ కొత్త సరుకు తెప్పించి కొన్ని జతలు తయారుచేశాడు. ఒక పెళ్లికూతురు తల్లిని వెంటబెట్టుకుని వచ్చింది. తొడుగు ముఖం దగ్గరికి తెచ్చుకుని, కింద పెట్టేసి, గోడకు ఆనుకుంది.

"ఏమయిందే?"

"పోయిన తమ్ముడి పక్క ఇదే వాసన వేస్తోందమ్మా. ఇప్పటికీ."

తర్వాత ఎవరూ రాలేదు. మాట మాత్రం వచ్చింది. ఆ ఇళ్లన్నిట్లోకీ ఒక్కడే వెళ్లాడు. వెళ్లి తలుపు మూసుకున్నాడు. కంపు పోవాలంటే గంధకం చాలదా? సాంబ్రాణి ఎందుకు వేశాడు? దేని వాసన కప్పిపెట్టడానికి? రోగం తగ్గితే పొగకు ఊరిచ్చే జీతం ఆగిపోతుంది గదా, మరి నిజంగా తగ్గించాడా, పెంచాడా? పొయ్యి దగ్గర ఈ ప్రశ్నలు రొట్టెలతోపాటు రోజూ కాలేవి. మడలెన్ వస్తే ఆగేవి.

ఆ పొయ్యి కాపలాదారు భార్య ఉర్సుల్. ఆమె తల్లి మహమ్మారిలో ఒంటరిగా పోయింది. తాళం చేతికి వచ్చాక ఉర్సుల్ ఆ ఇల్లంతా వెతికింది. తల్లి ఎర్ర ఉన్ని శాలువా లేదు.

"అమ్మ ఒంటి మీదినుంచి దించేది కాదు. ఏమయినట్టు?"

"ఎవరి చేతిలో తాళం ఉందో వాణ్ణే అడుగు," అన్నాడు ఆమె అన్న బల్తజార్. కంచరగాడిదల మీద సరుకులు తోలేవాడు. "అమ్మకు జబ్బు చేసినప్పటినుంచి నేనా గడప తొక్కలేదు."

ఉర్సుల్ వెళ్లి అర్నోకు ఫిర్యాదు చేసింది. మర్నాడు ఊళ్లో ఇళ్లన్నీ సోదా చేయిస్తామనీ, కోట గుమ్మం దగ్గరినుంచి మొదలుపెడతామనీ దండోరా వేశారు.

ఆ సాయంత్రం మడలెన్ భర్తకు గంజి పోసి ఎదురుగా కూర్చుంది.

"నిజం చెప్పు. తీసుకున్నావా?"

"నీకూ అనుమానమేనా?"

"అడిగింది చెప్పవయ్యా."

"లేదు."

"తలుపు మూసుకునేవాడివి. లోపల ఏం జరుగుతుందో నాకెలా తెలుస్తుంది?"

ఎల్జెయార్ మొలతాడునుంచి కొట్టు తాళంచెవి తీసి ఆమె ముందు పెట్టాడు. పెళ్లయ్యాక అది మొదటిసారి. మడలెన్ దీపం తీసుకుని వెళ్లింది. తోళ్లు దులిపింది, జాడీల్లో చెయ్యి పెట్టింది, ఇంట్లోకి వచ్చి పరుపు కుట్లు విప్పింది. ఏమీ దొరకలేదు. తాళంచెవి మాత్రం తిరిగి ఇవ్వలేదు.

పొద్దున భటులు వచ్చారు. వాళ్లింటి బయటి మెట్ల కింద కట్టెల్లో ఎర్ర శాలువా దొరికింది.

"అక్కడ నేను వెతకలేదు," అంది మడలెన్, ఎవరితోనో తెలియకుండా. ఎల్జెయార్ ఆమె వైపు చూడలేదు. భటుల వెంట నడిచాడు.

ఊరంతా చావడిలో పోగయింది. అర్నో శాలువాను ఉర్సుల్ చేతికి ఇచ్చాడు.

"మీ అమ్మదేనా?"

"అమ్మదే. ఈ మాసిక నేనే వేశాను." ఆమె దానిలో ముఖం పెట్టుకుని ఏడ్చింది.

"చూశారుగా. ఇంకా అడిగేదేముంది? తాడు తెప్పించండి," అన్నాడు బల్తజార్.

ఉర్సుల్ ఏడుపు ఆగింది. ముఖం ఎత్తలేదు. గట్టిగా ఊపిరి పీల్చింది. మళ్లీ పీల్చింది.

"ఇందులో అమ్మ ఉంది."

"ఊరుకోవే తల్లీ, ఏడవకు."

"ఏడవడం లేదన్నా. విను. అమ్మ మంచం ఈయన వాసన. దుప్పట్లు ఈయన వాసన. చెక్క జపమాల కూడా. ఆ ఇంట్లో అమ్మ ఎక్కడా మిగల్లేదని ఈయన్ని రోజూ తిట్టుకున్నాను. ఇందులో మాత్రం అమ్మే ఉంది. వెల్లుల్లి, పొయ్యి మసి, తలకు రాసుకునే నూనె." ఆమె తలెత్తి అన్నను చూసింది. "కంచరగాడిద కూడా ఉంది."

అర్నో శాలువా అందుకుని వాసన చూశాడు. తర్వాత తన కోటు చేతి అంచు ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. వాళ్లింట్లోనూ పొగ వేశారు, కోటు ఇంకా సాంబ్రాణి వాసన వేస్తోంది. మళ్లీ శాలువా.

"దీనికి పొగ తగల్లేదు."

"వెలిగించకముందే తీసి దాచి ఉంటాడు," అన్నాడు బల్తజార్.

"ఎక్కడ?" అన్నాడు అర్నో. "ఆయన ఇంట్లో పిల్లి కూడా సాంబ్రాణి వాసనే వేస్తుందిరా. నిరుటినుంచి ఆయన దగ్గరున్న బట్ట నీ గాడిదల వాసన ఎందుకు వేస్తుంది?"

బల్తజార్ చుట్టూ చూశాడు. అందరూ అతన్నే చూస్తున్నారు. ఇంతసేపూ ఎల్జెయార్‌ను చూసినట్టే.

"అమ్మదే గదా," అన్నాడు చివరికి. "అమ్మ పోయాక, పొగ వేయకముందే కిటికీలోంచి తీసుకున్నాను. నా పెళ్లాం చలికి వణుకుతుంటే చూస్తూ కూర్చోమంటారా? సోదా అనేసరికి భయమేసి, రాత్రి ఆయన కట్టెల్లో పెట్టాను. అమ్మ బట్ట కొడుకు తీసుకుంటే దొంగతనమా?"

వెనకనుంచి ఒక గొంతు, "అయితే దానికి పొగే వేయలేదా?" అంది.

జనం వెనక్కి జరిగారు. బెంచీలు పడ్డాయి. అర్నో శాలువాను వదిలేసి చేతులు అంగీకి తుడుచుకున్నాడు. ఉర్సుల్ దాన్ని నేలమీదినుంచి తీసుకుని గుండెలకు హత్తుకుంది. చావడి మధ్యలో ఆమె, ఎల్జెయార్, అంతే మిగిలారు.

"కాల్చేయాలమ్మా," అన్నాడు అర్నో దూరంనుంచి.

"నన్ను కూడా కాల్చండి."

"నేను పొగ వేస్తాను," అన్నాడు ఎల్జెయార్. ఆ రోజు అతను మాట్లాడింది అదే మొదలు.

ఉర్సుల్ శాలువా అతని చేతికి ఇవ్వలేదు, వెంట తీసుకుని నడిచింది. అతని పెరట్లో గదిలో తాడు కట్టి, శాలువా తనే దాని మీద వేసింది.

"సాంబ్రాణి వేయకు మేస్త్రీ."

"వేయను."

గంధకం ఒక్కటే వెలిగించాడు. ఆమె కోసం తలుపు ఓరగా తెరిచి ఉంచాడు. చల్లారాక శాలువా తెచ్చి ఇచ్చాడు. ఉర్సుల్ దాన్ని ముఖానికి ఆనించుకుంది. అందులో ఏం మిగిలిందో ఆమె ఎవరికీ చెప్పలేదు.

బల్తజార్‌ను ఉరి తీయలేదు, ఊరినుంచి వెళ్లగొట్టారు. భార్యనూ గాడిదల్నీ తోలుకుని కింది గుమ్మంలోంచి వెళ్లిపోయాడు. ఏడాది తర్వాత కూడా అతనికీ భార్యకూ ఏ జబ్బూ రాలేదని తెలిసింది. పొగ తగలని బట్ట కప్పుకున్నవాళ్లకు ఏమీ కాకపోతే, అంత పొగ ఎందుకు వేసినట్టని పొయ్యి దగ్గర మళ్లీ మొదలయింది.

ఎల్జెయార్ ఇంక సువాసనల జోలికి పోలేదు. కొట్టు తాళంచెవి మడలెన్ దగ్గరే ఉండిపోయింది. ఆమె పొద్దున్నే తలుపు బార్లా తెరిచి, గుమ్మంలో కూర్చుని శనగలు ఏరుకునేది. అతను లోపల ఏ వాసనా పట్టించని తొడుగులు కుట్టేవాడు. అవి తోలు కంపే కొట్టేవి. కొన్నాళ్లకు మనుషులు రావడం మొదలుపెట్టారు. చేతికి తొడుక్కునే ముందు ప్రతివాళ్లూ ఒకసారి ముక్కు దగ్గర పెట్టుకునేవారు. ఎల్జెయార్ చేతులు ఒళ్లో పెట్టుకుని, వాళ్లు వాసన చూడడం అయ్యేదాకా ఆగేవాడు.