బేగం కుటుంబం, పదకొండు మంది

శంషాబాద్ బస్‌స్టాండు వెనక వీధిలోని ట్రావెల్స్ ఆఫీసులో మనీషా ఏం పని చేస్తుందో కందుకూరులో ఉన్న వాళ్ళమ్మకు ఇప్పటికీ తెలియదు. "కంప్యూటర్ మీద పేర్లు కొడ్తది" అని చుట్టాలకు చెబుతుంది. నిజం ఒప్పుకోవాలంటే మనీషాకూ అంతకన్నా ఎక్కువ తెలియదు. ఆమె చదివింది బీకాం. అంతకుముందు వెబ్ పేజీలు చేసిన చందు మంచి జీతం దొరికి సిటీకి వెళ్ళిపోతూ, వారం రోజులు పక్కన కూర్చోబెట్టుకుని నేర్పిన విద్యే ఆమెకున్న విద్యంతా.

ఆ విద్య ఇంతే. టికెట్ల కంపెనీ నుంచి ప్రయాణికుల వివరాలు ఎక్స్‌ఎమ్‌ఎల్ ఫైలుగా వస్తాయి. పేరు ఏది, ఇంటిపేరు ఏది, వయసెంత అని ప్రతి ముక్కకూ అటొకటి ఇటొకటి గుర్తు ఉంటుంది. ఇటు ఆఫీసు వెబ్‌సైటులో టెంప్లేటు ఉంటుంది, అంటే ఖాళీలు వదిలిన పేజీ. దానికి ఫైలు చూపిస్తే చాలు, ఎవరి ఖాళీలో వాళ్ళు వెళ్ళి కూర్చుంటారు. చందు రాసిన టెంప్లేటు ఒకే ఇంటిపేరున్న వాళ్ళందరినీ ఒక కుటుంబంగా లెక్కేసి ఒకే గదిలో పెడుతుంది. ఏడాదిన్నరగా కాశీ యాత్రలకు గుండెమోని వాళ్ళకొక గది, ఎర్ర వాళ్ళకొక గది చొప్పున ఒక్క మాట పడకుండా నడిచింది.

మక్కా మదీనాలకు వెళ్ళే ఉమ్రా యాత్రల జాబితా మాత్రం యజమాని షుజాత్ భాయ్ ఎప్పుడూ చేత్తోనే రాసుకునేవాడు. ఈసారి నలభై రెండు మంది అయ్యేసరికి ఆయనకూ ఓపిక చాల్లేదు. "ఇది గూడ నీ పేజీల వెయ్యి బేటీ" అన్నాడు. మధ్యాహ్నం మూడింటికల్లా గదుల జాబితా మదీనా హోటలుకు చేరాలి. ఆ తర్వాత వాళ్ళు ఒక్క పేరు కూడా మార్చరు.

జాబితా సంగతి అలా ఉండగా, ముందురోజే జల్‌పల్లి నుంచి అమ్మార్ అనే అతను వచ్చి వెళ్ళాడు. విమానాశ్రయం కార్గోలో పని చేస్తాడు. ఉమ్రాకు వెళ్తున్నది అతని తల్లీ తండ్రీ ఇద్దరే.

"మా అమ్మీకి మతిమరుపు జాస్తి అయింది అక్కా. మా అబ్బాజాన్ పక్కన లేకపోతే భయపడ్తది, లేచి ఎటో పోతది. మొన్న పహాడీ షరీఫ్ దర్గా దాంక నడ్సుకుంట పోయింది. అది మా ఊరు గాబట్టి ఎవరో తోల్కొచ్చిన్రు. ఆడ ఎవరు తోల్కొస్తరు? ఇద్దర్ని ఒక్క రూంలనే పెట్టాలె."

"పెడ్త అన్నా, ఫికర్ చెయ్యకు" అని మనీషా మాటిచ్చింది.

మర్నాడు పదిన్నరకు ఫైలు వచ్చింది. టెంప్లేటుకు చూపించింది. మొదటి గది మీద "బేగం కుటుంబం, పదకొండు మంది" అని పడింది. అమ్మో ఎంత పెద్ద ఇల్లో, ఆడవాళ్ళే ఇంతమంది కదిలారు అని మనీషా ముచ్చటపడింది కూడా. కింద మహ్మద్ కుటుంబం పద్నాలుగు మంది, అలీ కుటుంబం ఐదుగురు. ఇంకొంచెం కిందికి చూసేసరికి ముచ్చటంతా ఎగిరిపోయింది. అమ్మార్ వాళ్ళమ్మ సలేహా బేగం మొదటి గదిలో ఉంది. ఆమె భర్త యాకూబ్ అలీ మూడో గదిలో ఉన్నాడు.

ఫైలు తప్పొచ్చిందేమో అని ఒక్కొక్కరి వివరాలూ తెరిచి చూసింది. అన్నీ పాస్‌పోర్టులో ఉన్నట్టే ఉన్నాయి. టెంప్లేటు చెడిందేమో అని కాశీ ఫైలు వేసి చూసింది. గుండెమోని వాళ్ళు బుద్ధిగా వచ్చి వాళ్ళ గదిలో కూర్చున్నారు. ఫైలుదీ తప్పు కాదు, టెంప్లేటుదీ తప్పు కాదు. మరి తప్పెవరిది? చందుకు ఫోన్ చేస్తే "కాశీకి నడుస్తుంది గదా, ఇగ నన్నేం అడుగుతవ్" అని పెట్టేశాడు. మనీషాకు ఒళ్ళు మండింది. చివరికి షుజాత్ భాయ్‌ని పిలిచింది.

ఆయన తెర వైపు కాసేపు చూసి, పొట్ట ఊగేలా నవ్వాడు. "మాకు ఇంటిపేరు ఏడుంటది బేటీ? బేగం అంటే ఆడమనిషని మర్యాదకు పెడ్తరు, అంతే. మా ఇంట్లనే చూడు. నేను ఖాన్, మా తమ్ముడు మహ్మద్, మా అమ్మ బీ, నా భార్య సుల్తానా."

"మరి ఎవరు ఏ ఇంటోళ్ళో ఎట్ల తెలుస్తది భాయ్?"

"ఎట్ల తెలుస్తదంటే... తెలుస్తది."

ఇన్నేళ్ళూ మొహాలు గుర్తు చేసుకుంటూ రాసిన మనిషి, అంతకన్నా ఏం చెబుతాడు? మనీషా టెంప్లేటుకు బుకింగ్ నంబరును బట్టి గదులు వేయమని చెప్పింది. అందరిదీ ఒకే బుకింగు కావడంతో నలభై రెండు మందీ ఒక్క గదిలోకి వచ్చిపడ్డారు. ఫోన్ నంబరును బట్టి వేయమంటే మళ్ళీ అదే తంతు, ఎందుకంటే ఫారాల మీద అందరికీ షుజాత్ భాయ్ తన నంబరే ఇచ్చాడు. పన్నెండు దాటింది. ఆమెకు ఏడుపొక్కటే తక్కువ.

ఫైల్లో లేనిది టెంప్లేటు ఎక్కణ్ణుంచి తెస్తుందని అప్పుడు తట్టింది. ప్రతి మనిషి కిందా కొత్తగా ఒక గుర్తు చేర్చి, దానికి 'ఎవరితో' అని పేరు పెట్టి, గదులు దాన్నిబట్టే వేయమంది. ఇక ఒక్కొక్క ఇంటికీ ఫోన్ చేసి అడగడమే. షుజాత్ భాయ్ డైరీలోంచి నంబర్లు చదువుతుంటే తను కలిపింది. ఒకరు అల్లుడి పేరు చెప్పి, కాదు కాదు మా అన్న అన్నారు. ఒక ఇంట్లో తోడికోడళ్ళు ఒకే గది వద్దని ఎవరికి వాళ్ళు చాటుగా చెప్పారు. మనీషాకు అంతా గజిబిజిగానే ఉంది, కానీ పేజీలో ఇళ్ళు ఒక్కొక్కటే విడిపడుతున్నాయి.

రెండున్నరకు మిగిలింది జల్‌పల్లి ఇల్లొక్కటే. అడగక్కర్లేదని తెలుసు, అయినా ఉదయం చూసిన ఆ రెండు గదుల భయం ఇంకా పోలేదు. అమ్మార్ డ్యూటీలో ఉండి ఎత్తలేదు. ఇంటి నంబరుకు చేస్తే సలేహా బేగమే ఎత్తింది.

"అమ్మా, మదీనాల మీరు రూంల ఎవరితోని ఉంటరు?"

"ఆయనతోని."

"ఆయన పేరేంది?"

"ఆయనే, ఆయన" అంది సలేహా బేగం. మనీషా వాళ్ళ నాయనమ్మ కూడా మొగుడి పేరు నోట పలకదు. ఇదీ అలాంటిదే అనుకుని, "పేరు చెప్పకున్నా మంచిదే, మీ ఇంటాయనే గద?" అంది.

"ఏమో బిడ్డా. నాకు పొద్దుగాల జడ ఏస్తడు సూడు, ఆయనతోని."

అంతలో ఎవరో ఫోను మెల్లగా అందుకున్నట్టు వినిపించింది. "నేనే బేటీ, యాకూబ్ అలీ" అన్నాడు ముసలాయన.

"మీ ఇద్దరికి ఒక్కటే రూం పెట్టిన బాబా. అమ్మ మీ పేరు చెప్తలేదు, అందుకే జర పరేషాన్ అయిన."

"యాభై ఏండ్లు సిగ్గుకు చెప్పలేదు. ఇప్పుడు యాదిలేక చెప్తలేదు. పేరుతోని ఏం పని బేటీ? జడ గుంజినట్టయితే తిడ్తది, ఆ తిట్టేది నన్నే గద."