స్కేలు పక్కన పెట్టి గీసిన గీత

ఆ రోజు నా గీత వంకర పోయింది. నాచారంలోని ఒక చిన్న మెషీన్ షాపులో ఇరవై రెండేళ్లుగా మార్కింగ్ పని నాది. ఇనుప ప్లేటు మీద ఎక్కడ రంధ్రం పడాలో ఉక్కు మొనతో గీసి ఇస్తాను. గీత తప్పితే ప్లేటు తుక్కు కిందికే. స్కేలు పెట్టే గీస్తున్నాను, అయినా మొన జారింది. మళ్లీ గీస్తే మళ్లీ జారింది.

పక్కన డ్రిల్లింగ్ చేసే సత్తయ్య నా మొహం చూసి, "అన్నా, నీ మూతి ఒక దిక్కు వోయింది. పని బంద్ జెయ్యి, దవాఖానకు పోదాం నడువ్" అన్నాడు. చాయ్ తాగితే సర్దుకుంటుందన్నాను. వాడు వింటేనా? ఆటో ఎక్కించాడు.

సీటీ స్కాన్ తీశారు. "స్ట్రోక్. బ్రెయిన్‌లో క్లాట్ ఉంది. టైమ్‌కి తెచ్చారు" అని డాక్టర్ వెంటనే ఇంజెక్షన్ ఇచ్చారు. ప్రాణం నిలిచింది, మూతి, పట్టు తప్పిన కాలు కూడా దారికొచ్చాయి. కుడి చెయ్యి మాత్రం నా మాట వినలేదు. షాపు సేటు ఫోన్ చేసి, "ఫికర్ జెయ్యకు, గేటు కాడ కూసునే పనిస్త" అన్నాడు. మంచి మనసుతోనే అన్నాడు. నాకు మాత్రం ఏడుపొచ్చింది. గేటు దగ్గర కూర్చోవడానికా ఇన్నేళ్లు పని నేర్చుకున్నది?

ఉప్పల్‌లో ఫిజియోథెరపీ చేసే మేడం డ్రాయింగ్ పుస్తకం, పెన్సిల్ ఇచ్చింది. రోజూ ఒక పేజీ గీతలు, ఒక పేజీ గుండ్రాలు, ఆ తర్వాత షేడింగ్. మా పనిలో వంకర గీత చూపించడమంటే పరువు తీసుకోవడమే. అందుకని వంకర పేజీలన్నీ చింపి పారేశాను. ఎడమ చేత్తో స్కేలు అదిమిపట్టి, దాని వెంట పెన్సిల్ లాగి, వారానికి పుస్తకం దర్జాగా ఇచ్చాను.

మేడం రెండు పేజీలు తిప్పింది. "అంకుల్, ఇవి స్కేల్ గీసినవి. మీ చెయ్యి గీసినవి ఏవి?"

నా భార్య యాదమ్మ సంచిలోంచి నలిగిన కాగితాలు తీసింది. "ఇగో మేడం. ఈయన పారేస్తాంటే ఏరి దాసిన. ఇజ్జత్ అడ్డమొచ్చింది ఈయనకు."

మేడం వాటిని వరసగా పరిచింది. "చూడండి, ప్రతి గీతా చివర్లో కిందికి జారుతోంది. గ్రిప్ ఉంది, రిస్ట్ పడిపోతోంది" అని ఎక్సర్‌సైజ్ మార్చింది. నేను పారేసిన కాగితాల్లోనే నా వైద్యం ఉందన్నమాట!

మధ్యలో భుజం నొప్పితో రెండు వారాలు పెన్సిల్ ముట్టలేదు. మళ్లీ మొదలుపెడితే, "గిది గుండ్రమా, ఆలుగడ్డనా?" అని యాదమ్మ నవ్వేది. అసలు మజా షేడింగ్‌లో వచ్చింది. ఒకరోజు స్టీలు గ్లాసు గీసి ఒక పక్క నలుపు దించుతుంటే, ఎంత నొక్కుతున్నానో నా వేళ్లకు తెలిసింది. ఆ సంతోషం పట్టలేక పుస్తకం పట్టుకుని వాకిట్లోకి పరుగెత్తాను. యాదమ్మ తేరిపార చూసి, "నీళ్లు వోస్తే నిలిచేటట్టే ఉన్నది" అంది.

అయిదో నెలలో సేటు ముందు ప్లేటు మీద గీశాను. మొన జారలేదు. సత్తయ్య వంగి చూశాడు. కొలుస్తాడేమో అనుకున్నాను. కొలవలేదు. "డ్రిల్ దించుతున్న అన్నా" అన్నాడు.

ఇప్పుడు మళ్లీ నా టేబుల్ దగ్గరే ఉన్నాను. పొద్దున్నే ఒక పేజీ గీసి పనికి పోతాను. మీ చెయ్యి కూడా ఇలా మొండికేస్తే, ప్రతి పేజీ మీదా తేదీ వేయండి, ఏదీ చింపకండి, వంకరగా వచ్చినదే థెరపీ చేసేవాళ్లకు ముందు చూపించండి. నిన్నటి నా పేజీలోనూ ఒక వంకర గీత ఉంది, సత్తయ్యకు కూడా చూపించాను.