రాగి దొరికిన సాయంత్రం

ఆ రోజుల్లో నాకు ఊరికే ఉత్సాహం పొంగుకొచ్చేది. భద్రాచలంలో గది కిరాయికి తీసుకుని, కొత్త ఉద్యోగంలో చేరాను. అడవి అంచున తవ్వి తెచ్చిన రాళ్లలో, మట్టిలో ఏ లోహం ఎంతుందో ల్యాబ్ చెప్పిన అంకెలన్నీ కంప్యూటర్లో ఒకచోట చేర్చి, మిగతా ఆఫీసులకు పంచడం నా పని. (పెళ్లిచూపుల్లో ఈ ఉద్యోగం గురించి చెప్పడం ఎంత కష్టమో!) ఏదైనా దొరికితే ప్రాజెక్టు పొడిగిస్తారు, లేకపోతే నేను ఇంటికే. అందుకని భూమిలో ఏదో ఒకటి ఉండాలని రోజూ ప్రార్థన చేసేదాన్ని.

ఒక సాయంత్రం అంకెలు వచ్చాయి. మ్యాపులో పెట్టగానే అడవి వైపంతా ఎర్రచుక్కలు! రాగి! పక్కనే జింకు కూడా! కుర్చీలోంచి గంతేశాను. మా పెద్ద సారు (జేబులో ఎప్పుడూ ఏదో ఒక రాయి ఉంటుంది కాబట్టి వెనకాల రాళ్లసారు అనేవాళ్లం) కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చూశారు. "ఏంది బిడ్డా గిది! జల్దీ అన్ని ఆఫీసులకు పంపు" అన్నారు. నేను ముందు నాన్నకు ఫోన్ చేశాను. బొగ్గుబాయిలో పనిచేసి రిటైరైన మనిషి. "రాగా? మన దిక్కా?" అని కేకేసి, పాస్టరుగారికి చెప్పడానికి అప్పుడే బయల్దేరాడు.

పంపబోతుండగా మా ఇంటి ఓనరమ్మ ఆఫీసులోకి వచ్చింది, చంకలో ఇత్తడి పళ్లాలతో. ముసురు పట్టిన రోజుల్లో ప్లాస్టిక్ ట్రేలు చాలక, తడిమట్టి ఆరబెట్టడానికి సారే ఆమెను బతిమాలి అవి తెచ్చారు. ఆమె చింతపండుతో తళతళ తోమి మరీ ఇచ్చింది. పనయ్యాక తిరిగిచ్చేశాం. "ఏంది సారూ, నా పెండ్లినాటి పళ్లాలు! మట్టి గట్ల గీకుతరా? సూడుండ్రి, ఇత్తడంత ఊడొచ్చింది!"

సారూ నేనూ మొహమొహాలు చూసుకున్నాం. ఇత్తడంటే రాగీ జింకూ కలిపిందే కదా! ఊడిన ఇత్తడి మా మట్టిలో కలిసి, ల్యాబుకు పోయి, దర్జాగా మ్యాపెక్కి కూర్చుంది. మళ్లీ చూస్తే, ప్లాస్టిక్ ట్రేల్లో ఆరినవన్నీ మామూలుగానే ఉన్నాయి.

"ఎట్లా సారూ?" అన్నాను. సారు గొంతు తగ్గించారు. "గట్లనే పంపితే రేపే ఆ అడివి పక్క ఊర్లల్ల జీపులు దిగుతయ్ బిడ్డా. పొలాలు పోతయని జనం పరేషానైతరు." నాకు ఏడుపొక్కటే తక్కువ. ఉద్యోగం కళ్లముందే జారిపోతోంది. అయినా ఆ నమూనాల పక్కన 'ఇత్తడి పళ్లాల్లో ఆరబెట్టినవి, నమ్మవద్దు' అని రాసి, అప్పుడు పంపాను. (అన్ని ఆఫీసుల్లోనూ కడుపుబ్బ నవ్వారట.) మళ్లీ తవ్వి, ట్రేల్లో ఆరబెట్టి చూశాం. రాగీ లేదు, పొడిగింపూ లేదు.

సంచి సర్దుకుని తలవంచుకుని ఇంటికి వెళ్లాను. "ఏమీ దొరకలేదు నాన్నా" అన్నాను. "అవ్, సారు ఫోన్ల చెప్పిండు" అంటూ నాన్న సంచి అందుకున్నాడు. "ఇన్నేండ్లు బాయిలకు దిగిన. బొగ్గు సూసి నాకు ఒక్కనాడు సుత నీ ఫోనొచ్చిననాటంత సంబరం కాలే. మల్ల ఎప్పుడు దొరుకుతది బిడ్డా?"

ఇప్పుడు నాది ఏమీ దొరకకపోయినా జీతం ఆగని ఉద్యోగం. ఇతరుల అంకెల్ని అనుమానంగా చూడటమే పని. నాన్న మాత్రం పండక్కి వెళ్లినప్పుడల్లా అదే అడుగుతాడు. "చూస్తున్నాం నాన్నా" అంటాను. ఆనాడు కుర్చీలోంచి గంతేసిన ఆ పిల్లను తలుచుకుంటే నవ్వొస్తుంది, కాస్త అసూయ కూడా.