మనలి వడ్లు

తొంభైల మధ్యలో నేను చెన్నైలో ఒక ల్యాబ్‌లో వరి రకాలను డీఎన్‌ఏతో గుర్తించే పని చేసేదాన్ని. సౌకార్‌పేటలో ఉండే మా పెద్దమ్మ ఒకరోజు చిన్న మూట తెచ్చి నా చేతిలో పెట్టింది. చెన్నై ఉత్తరపు కొసన ఉన్న మనలిలో వాళ్ళ పొలం ఫ్యాక్టరీలకు పోకముందు పండిన ఆఖరి పంట వడ్లు అవి.

“ఆడ మా అమ్మ చేత్తో చల్లిన విత్తనం. ఒకటైనా మొలుస్తుందేమో చూడు మా,” అంది.

నానబెట్టి చూసినవాటిలో ఒక్క గింజా మొలవలేదు. పాత గింజల్లోంచి డీఎన్‌ఏ మాత్రం వచ్చింది. దాన్ని జెల్ పలక మీద నడిపిస్తే ఒక్కో రకానికి గీతలు ఒక్కో తీరుగా పడతాయి. ఈ గీతలు మా దగ్గరున్న ఏ రకంతోనూ కలవలేదు. పెద్దమ్మకు ఆ గీతల ఫోటో చూపించి రెండు సంగతులూ చెప్పాను.

“అయితే ఇది ఇంకెవరి దగ్గరా లేదా?”

“మేం చూసినవాటిలో లేదు పెద్దమ్మా.”

మిగిలిన గింజలు తిరిగి తీసుకుంది. ఆదివారం నేను వెళ్ళేసరికి వాటిని దంచి గంజి కాచింది.

“ఇంకెందుకు దాచేది? తాగు మా.”

ముక్కవాసన వేస్తున్నా ఇద్దరం తాగాం. తర్వాత ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. నేను పక్కనే కూర్చున్నాను.